మోకాళ్ళ ఆపరేషన్ తరువాత: ఓర్చుకోవలసినవి, ఓర్చుకోకూడనివి

(సంఘ సర్వసభ్య సమావేశంలో విశ్రాంత హెడ్ నర్సు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



మోకీళ్ళ మార్పిడి తరువాత వచ్చే ఇబ్బందుల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను కోరారు. నేను డాక్టరును కాను. ముప్పయి ఏండ్లకు పైగా ప్రభుత్వ దవాఖానాలలో నర్సుగా పనిచేశాను. రిటైరయిన తరువాత నా రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాను. కాబట్టి మంచం పక్కన నిలబడి చూసినదీ, మంచం మీద పడుకుని అనుభవించినదీ రెండూ మీ ముందు పెడతాను. మందు ఏది, మోతాదు ఎంత అన్నది మీ డాక్టరు గారు చెప్పవలసిన మాట. ఏ బాధ ఓర్చుకోవాలి, ఏ బాధ ఓర్చుకోకూడదు అన్న ఒక్క విషయమే నేను చెప్పదలచుకున్నాను.

మన తరం వాళ్ళకు ఓర్పు ఎక్కువ. పెద్ద కుటుంబాలు సాకినాము, బదిలీలు తట్టుకున్నాము. "ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా" అని పండ్లు బిగపట్టుకుని కూర్చుంటాము. కొడుకు దుబాయిలోనో, మస్కట్‌లోనో, అమెరికాలోనో ఉంటే, వానికి చెప్పి బాధపెట్టడం ఎందుకని దాచుకుంటాము. ఈ ఆపరేషన్ విషయంలో ఆ ఓర్పు కొన్నిచోట్ల మేలు చేస్తుంది, కొన్నిచోట్ల కాలునే తీసుకుపోతుంది. ఆ తేడా తెలియడమే ముఖ్యం.

ముందు కొంచెం చరిత్ర

1890లో బెర్లిన్ నగరంలో థెమిస్టొక్లిస్ గ్లుక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో మోకీలు చేయించి రోగికి అమర్చాడు. ఆయన రోగుల కీళ్ళు అప్పటికే క్షయతో చెడిపోయినవి కావడంతో చీము పట్టి ఆ ప్రయత్నం నిలువలేదు. నూట ముప్పయి ఏండ్లు దాటినా ఈ ఆపరేషన్‌కు మొదటి శత్రువు చీమే అని గుర్తు పెట్టుకోండి. ఈనాడు వాడుతున్న మోకీలుకు మూలమైన నమూనా 1974లో న్యూయార్క్‌లో తయారయింది. దానిని రూపొందించిన వారిలో మన దేశంలో పుట్టిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్ ఒకరు. ఆయనే 2000 అక్టోబరులో ఒక మోకాలికి, 2001 జూన్‌లో రెండవ మోకాలికి అప్పటి ప్రధానమంత్రి వాజపేయి గారికి ముంబైలో ఆపరేషన్ చేశారు. ఆ వార్త పేపర్లలో చదివిన తరువాతనే మన ఊళ్ళలో చాలామందికి ఇటువంటి ఆపరేషన్ ఒకటి ఉన్నదని తెలిసింది.

ఇందులో మోకాలు మొత్తం తీసివేయరు. తొడ బొక్క కింది కొసను, కాలి బొక్క పై కొసను అరిగినంత మేర చెక్కి, వాటికి లోహపు తొడుగులు వేస్తారు. నడుమ గట్టి ప్లాస్టిక్ బిళ్ళ పెడతారు. చిప్ప అడుగున కూడా అవసరమైతే చిన్న బిళ్ళ వేస్తారు. చుట్టూ ఉన్న కండరాలు, నరాలు, చర్మం మాత్రం మనవే, మన వయసువే. లోహం మొదటి రోజునుంచే పనిచేస్తుంది. కండరం, చర్మం కోలుకోవడానికి నెలలు పడుతుంది.

ఈ ఆపరేషన్ మంచిదే. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, పూర్తి మోకీలు మార్పించుకున్న వారిలో నూటికి 82 మందికి ఆ కీలు 25 ఏండ్లు నిలుస్తున్నది. రెండవ లెక్క కూడా చెప్పాలి. విదేశాలలో రోగులను అడిగి చేసిన అధ్యయనాలలో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది తరువాత కూడా నొప్పి ఉన్నదనో, అనుకున్నంత తృప్తి లేదనో చెప్పారు. కాబట్టి మీకు ఇబ్బంది మిగిలితే అది మీ ఒక్కరికే వచ్చిన శాపం అనుకోకండి. మీవంటి వారు చాలామంది ఉన్నారు, వారికి దారులూ ఉన్నాయి.

మన దగ్గర కష్టం ఎక్కడ ఉన్నది

మన ప్రాంతం మోకాళ్ళ సంగతి వేరే చెప్పాలా? కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల పక్కల మన ఇండ్లలోని ఆడవాళ్ళు ఎంతోమంది ఒడిలో చాట పెట్టుకుని కింద కూర్చుని బీడీలు చుట్టినవారే. సిరిసిల్లలో మగ్గాల దగ్గర రోజంతా నిలబడ్డ వారున్నారు. వంట కిందనే, భోజనం కిందనే, మరుగుదొడ్డి కూడా కింద కూర్చునేదే. అరిగిన మోకాలును అరవై ఏండ్లకు మార్పించుకుంటున్నాము.

ఆపరేషన్ ఎక్కువగా హైదరాబాదులోనో, కరీంనగర్‌లోనో జరుగుతుంది. నాలుగైదు రోజులకు ఇంటికి పంపుతారు. జగిత్యాల నుంచి హైదరాబాదు సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఇబ్బందులు వచ్చేది మాత్రం పదవ రోజున, ఇరవయ్యవ రోజున, మన ఇంట్లో, అర్ధరాత్రి. అప్పుడు పక్కన ఉండేది పక్కింటి వదిన, వీధి చివరి ఆర్.ఎం.పి., తలా ఒక సలహా చెప్పే చుట్టాలు. అందుకే ఏది సహజమో, ఏది ప్రమాదమో ముందుగానే ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

ఓర్చుకోవలసినవి

వాపు. మోకాలు, పిక్క, పాదం కొంత వాచడం సహజం. సాయంత్రానికి పెరిగి, రాత్రి కాలు ఎత్తు మీద పెట్టి పడుకుంటే పొద్దుటికి తగ్గే వాపు మూడు నెలల నుంచి ఆరు నెలల వరకు కూడా ఉండవచ్చు.

వెచ్చదనం. కొత్త మోకాలు రెండవదానికంటే కొంచెం వెచ్చగా ఉండడం కొన్ని నెలలు ఉంటుంది. రోజురోజుకు తగ్గుముఖం పట్టాలి, అంతే.

తొడ మీద, పిక్క మీద నీలం, పసుపు మచ్చలు. రక్తం చర్మం కిందికి దిగి కమిలిన గుర్తులు అవి. రెండు మూడు వారాలలో పోతాయి.

తిమ్మిరి. గాటుకు బయటి వైపు అరచేయంత మేర స్పర్శ తెలియదు. చర్మానికి వెళ్ళే సన్నని నరాలు గాటులో తెగడం వల్ల అది వస్తుంది. కొందరికి తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. నడకకు అడ్డు రాదు.

టక్‌టక్ శబ్దం. లోహం ప్లాస్టిక్‌కు తగిలిన చప్పుడు. నొప్పి లేకుంటే దాని జోలికి పోవలసిన పని లేదు.

నిద్ర పట్టకపోవడం. మొదటి ఆరు వారాలు రాత్రిళ్ళు చాలా పొడుగ్గా ఉంటాయి. దానితో దిగులు, చిరాకు, "అనవసరంగా చేయించుకున్నానే" అన్న ఏడుపు కూడా వస్తాయి. ఇది చాలామందికి వచ్చి పోయేదే. ఇంట్లోవాళ్ళు దీనిని మొండితనం అనుకోవద్దు.

వీటికి ఐసు కాపడం, కాలు ఎత్తు మీద పెట్టడం, డాక్టరు రాసిన నొప్పి గోలీలు, వ్యాయామం చాలు. ఐసును బట్టలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టాలి, నేరుగా చర్మానికి తగలనీయకూడదు. వేడి ఇటుక కాపడం, జిల్లేడాకు వేడిచేసి కట్టడం, గాటు మీద పసుపు నూనె, పసర్లు, వీటికి ఈ కాలు మీద తావు ఇవ్వకండి. గాటు పూర్తిగా మానేదాకా ధర్మపురి గోదావరిలోనో, వేములవాడ ధర్మగుండంలోనో మునిగే మొక్కు ఉంటే వాయిదా వేసుకోండి. దేవుడు ఆగుతాడు, నీటిలోని క్రిమి ఆగదు.

ఓర్చుకోకూడనివి

ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి. వెంట వచ్చిన పిల్లలు రాసుకుంటే మరీ మంచిది.

మొదటిది, గాటు నుంచి తడి. ఇంటికి వచ్చిన తరువాత పట్టీ తడుస్తున్నా, చీము కనిపించినా, కుట్ల చుట్టూ ఎరుపు రోజురోజుకు పాకుతున్నా, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరిగినా, చలితో జ్వరం వచ్చినా, ఆ రోజే ఆపరేషన్ చేసిన సర్జన్‌కు తెలియాలి. లోతుగా చీము పట్టడం నూటికి ఒకరిద్దరికి మాత్రమే జరుగుతుంది. జరిగినప్పుడు మాత్రం రోజులు లెక్కలోకి వస్తాయి. క్రిమి లోహం మీద చేరి కొన్నాళ్ళకే జిగురు వంటి పొరను కట్టుకుంటుంది. ఆ పొర గట్టిపడకముందు పట్టుకుంటే, మోకాలు తెరిచి కడిగి, ప్లాస్టిక్ బిళ్ళ మార్చి, మందులతో అదే కీలును నిలబెట్టే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే కీలు తీసివేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మను తాత్కాలికంగా పెట్టి, వారాల తరబడి సూదులు ఇచ్చి, తరువాత మళ్ళీ కొత్త కీలు వేయవలసి వస్తుంది. ఒక ఆపరేషన్ మూడు ఆపరేషన్లు అవుతుంది.

దీనికి జోడించి ఒక గట్టి మాట. సర్జన్ చూడకముందే ఆంటీబయాటిక్ గోలీలు మొదలుపెట్టకండి. ఆర్.ఎం.పి. దగ్గర రెండు సూదులు వేయించుకుంటే జ్వరం తగ్గుతుంది, తడి తగ్గినట్టు కనిపిస్తుంది. లోపల క్రిమి మాత్రం చావదు. పైగా కీలులోని నీరు తీసి పరీక్షకు పంపినప్పుడు ఏ క్రిమి అన్నది దొరకదు. దొంగ ఇంట్లోనే ఉంటాడు, ఆనవాలు మాత్రం చెరిగిపోతుంది.

రెండవది, పిక్కలో గడ్డకట్టిన రక్తం. ఒక పిక్క రెండవదానికంటే బాగా వాచి, గట్టిపడి, నొక్కితే నొప్పి ఉండి, రాత్రి ఎత్తు మీద పెట్టినా తగ్గకుంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. డాప్లర్ స్కానింగ్ చేస్తే తెలుస్తుంది. ఇటువంటి పిక్కను ఎట్టి పరిస్థితిలోనూ నూనె పెట్టి మర్దన చేయవద్దు. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోయే ప్రమాదం ఉన్నది. హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, కళ్ళు తిరిగి పడిపోవడం, దగ్గులో రక్తం, వీటిలో ఏది కనిపించినా సర్జన్ ఫోను కోసం చూడకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ గడ్డ రాకుండానే రక్తం పలుచబడే గోలీలో, పొట్ట మీద వేసుకునే సూదులో కొన్నాళ్ళు రాస్తారు. కాళ్ళు బాగున్నాయి కదా అని మధ్యలో మానవద్దు. ఒక రోజు మరచిపోతే రెండవ రోజు రెండు వేసుకోవద్దు. హైదరాబాదు నుంచి కారులో వచ్చేటప్పుడు గంటకొకసారి ఆపి నాలుగు అడుగులు వేయండి. కూర్చున్నంతసేపు పాదాలు పైకీ కిందికీ ఆడించండి.

మూడవది, పాదం వాలిపోవడం. బొటనవేలు, పాదం పైకి ఎత్తలేకపోతే నరం ఒత్తిడికి గురైందన్నమాట. పట్టీ బిగువు వల్ల కూడా రావచ్చు. వెంటనే చెప్పాలి.

నాలుగవది, కింద పడడం. పడిన తరువాత బరువు మోపలేకపోతే లోహం పైన బొక్క విరిగి ఉండవచ్చు. లేపి నడిపించి చూడవద్దు, ఎక్స్‌రే తీయాలి.

ఐదవది, నల్లని మలం, రక్తపు వాంతి. నొప్పి గోలీలు, రక్తం పలుచబడే మందు రెండూ కలిసి కడుపులో పుండు పెట్టే ప్రమాదం ఉన్నది.

నా కుడి మోకాలు

నాకు ఎడమ మోకాలు ఏ ఇబ్బందీ పెట్టలేదు. కుడి మోకాలికి పన్నెండవ రోజున పట్టీ మీద రూపాయి బిళ్ళంత తడి కనిపించింది. జ్వరం లేదు, పెద్ద నొప్పి లేదు. ఇంటికి వచ్చినవారిలో ఒకరు పట్టీ మార్చితే చాలన్నారు, ఒకరు గోలీలు చెప్పారు, ఒకరు ఆరనిస్తే అదే పోతుందన్నారు. డిశ్చార్జి కాగితం మీద ఉన్న నంబరుకు ఆ సాయంత్రం మా అబ్బాయి పదకొండుసార్లు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఆ దవాఖాన పేరు ఇక్కడ అవసరం లేదు. పొద్దున్నే కారు మాట్లాడుకుని వెళ్ళి ఓ.పి. గది ముందు కూర్చున్నాము. సర్జన్ చూశారు, రక్తపరీక్షలు చేయించారు, గాటు అడుగున చర్మం కింద నెత్తురు నిలిచిందని చెప్పి అదే రోజు కడిగి మళ్ళీ కుట్లు వేశారు. నీటిని క్రిమి పరీక్షకు పంపారు. క్రిమి లేదని వచ్చింది. నాలుగు రోజులు ఉండి వచ్చాను.

"ఏమీ లేనిదానికి ఇంత దూరం పోయి వచ్చినావు" అన్నవాళ్ళున్నారు. నర్సుగా నేను చూసిన వార్డుల్లో తడి కనిపించిన నెలకు వచ్చిన వారిని కూడా చూశాను. వారిలో ఏ ఒక్కరూ నొప్పి తెలియక రాకుండా ఉండలేదు. ఖర్చుకు భయపడి, కొడుకుకు సెలవు లేదని, పెండ్లి ఉన్నదని ఓర్చుకున్నారు. ఏమీ లేదని తెలుసుకోవడానికి అయిన ఆ కారు కిరాయి నా జీవితంలో నేను పెట్టిన మంచి ఖర్చులలో ఒకటి.

కాలు బిగుసుకుపోవడం

ఇక చాలామందిని బాధించేది బిగుసుకుపోయిన మోకాలు. నడవడానికి మోకాలు సుమారు 70 డిగ్రీలు వంగాలి, మెట్లు ఎక్కడానికి, దిగడానికి 80 నుంచి 100 డిగ్రీలు, కుర్చీలోంచి లేవడానికి కూడా సుమారు అంతే. ఆరు వారాల నాటికి 90 డిగ్రీలు రాకపోతే ఊరుకోకండి. సర్జన్‌కు చూపించాలి. మత్తు ఇచ్చి మోకాలును వంచి లోపలి అతుకులు విడదీసే పద్ధతి ఉన్నది. అది మొదటి మూడు నెలలలోపు చేస్తేనే మంచి ఫలితం ఇస్తుంది. ఆ తరువాత అతుకులు గట్టిపడతాయి.

వంగడం ఎంత ముఖ్యమో చాపడం అంత ముఖ్యం. హాయిగా ఉన్నదని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే కాలు వంకరగానే బిగుస్తుంది. దిండు మోకాలి కింద వద్దు. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టండి, మోకాలు తన బరువుకు తానే కిందికి దిగుతుంది. నొప్పి గోలీ వేసుకున్న అరగంటకు వ్యాయామం చేయండి. రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెంగా చేయాలి. ఒకేసారి గంటసేపు చేసి రెండు రోజులు పడుకుంటే లాభం లేదు. వ్యాయామంలో నొప్పి వచ్చి అరగంట, గంటలో తగ్గితే సరే. మరునాటికి కూడా వాపు, నొప్పి పెరిగి ఉంటే ఆ రోజు కొంచెం తగ్గించండి, మానవద్దు.

రాత్రి మతి తప్పినట్టయితే

డెబ్బయి దాటినవారిలో ఆపరేషన్ అయిన రెండు మూడు రాత్రులు కొందరు తామెక్కడున్నారో మరచిపోతారు, చనిపోయిన వారిని పిలుస్తారు, సెలైన్ పీకేస్తారు. కుటుంబం భయపడిపోతుంది. మత్తు, నొప్పి మందు, నిద్రలేమి, మూత్రం నిలిచిపోవడం, ఉప్పు తగ్గడం, ఇటువంటి కారణాలతో వచ్చే స్థితి ఇది. ఎక్కువమందికి కొన్ని రోజులలో సర్దుకుంటుంది. నర్సుకు, డాక్టరుకు వెంటనే చెప్పండి. కళ్ళద్దాలు, వినికిడి యంత్రం దగ్గర పెట్టండి. తెలిసిన మొహం ఒకటి పక్కన ఉండాలి. "అది కాదు, ఇది కాదు" అని వాదించవద్దు, నెమ్మదిగా పేరుపెట్టి పిలిచి ఎక్కడున్నారో చెప్పండి. మగవారిలో ప్రోస్టేట్ పెద్దదయినవారికి మూత్రం ఆగిపోతుంది. ఆపరేషన్‌కు ముందే ఆ విషయం సర్జన్‌కు చెప్పి ఉంచాలి.

షుగరు, మందులు, ఇల్లు

షుగరు ఉన్నవారికి గాటు మానడం ఆలస్యమవుతుంది, చీము ప్రమాదం పెరుగుతుంది. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల సగటు షుగరు పరీక్ష అదుపులోకి వచ్చిన తరువాతనే తేదీ తీసుకోండి. మోకాలిలో స్టీరాయిడ్ సూది వేయించుకున్నవారు ఆ తేదీ సర్జన్‌కు తప్పక చెప్పండి. ఆ తరువాత మూడు నెలలు ఆగమంటారు. కీళ్ళ నొప్పులకని పొట్లాలలో అమ్మే పేరులేని పొడుల జోలికి పోకండి. అటువంటి వాటిలో స్టీరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు దొరికాయి. బి.పి., కిడ్నీ ఇబ్బంది ఉన్నవారు నొప్పి గోలీలు సొంతంగా కొనుక్కోవద్దు.

కీలు వేసిన తరువాత ఎన్ని ఏండ్లకైనా ఒంట్లో మరోచోట ఉన్న క్రిమి రక్తం ద్వారా అక్కడికి చేరవచ్చు. కాబట్టి పాదం మీద పుండు, పంటి చీము, మూత్రంలో మంట, వీటిని చిన్నవిగా చూడకండి. పన్ను తీయించుకునే ముందు మోకీలు ఉన్నదని దంతవైద్యునికి చెప్పండి.

ఇంట్లో కమోడు, దాని పక్కన పట్టుకునే కడ్డీ, బాత్రూములో జారని చాప, మంచం నుంచి బాత్రూము దాకా రాత్రి వెలుగు, ఇవి ఆపరేషన్‌కు ముందే చేయించండి. కింద పరచిన బొంతలు, గడప దగ్గర చెప్పులు, వైర్లు తీసివేయండి. నులక మంచం వద్దు, గట్టి మంచం కావాలి. గొంతుక్కూర్చోవడం, పీట మీద కూర్చోవడం మానాలి. మోకాళ్ళ మీద కూర్చుంటే కీలు పాడవుతుందని లేదు గాని చాలామందికి ఆ ఒత్తిడి భరించరానిదిగా ఉంటుంది. నమాజు చేసే అన్నలు కుర్చీ మీద చేసుకోవచ్చు. కొండగట్టుకు పోయేవారు మొదటి ఏడాది వాహనం మీద పోండి.

ఏడాది దాటినా నొప్పి ఉంటే

"ఎక్స్‌రే బాగున్నది, ఇక ఏమీ లేదు" అన్న మాటతో ఇంటికి వచ్చి కూర్చున్నవారు మన సంఘంలోనే ఉన్నారు. ఎక్స్‌రే బాగుండడం మంచిదే, దానితో వెతుకులాట పూర్తి కాలేదు. నిదానంగా పెరిగే చీము ఉన్నదా అని ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే రక్తపరీక్షలు, అవసరమైతే కీలు నీటి పరీక్ష చేయాలి. కీలు వదులయిందా, ఏటవాలుగా కూర్చుందా, చిప్ప పక్కకు పోతున్నదా చూడాలి. తుంటి అరిగినా, నడుములో నరం ఒత్తుకున్నా నొప్పి మోకాలిలో తెలుస్తుంది. తొడ కండరం బలహీనత వల్ల కూడా నొప్పి ఉంటుంది, దానికి మందు వ్యాయామమే. కారణం తెలియకుండా రెండవసారి కీలు మార్పించుకుంటే నొప్పి పోతుందన్న హామీ లేదు. అందుకని ఇంకొక సర్జన్ అభిప్రాయం తీసుకోండి. అది మొదటి సర్జన్‌ను అవమానించడం కాదు.

ఇప్పుడు జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. అనుమానం వచ్చిన మొదటి గంటల్లో రక్తపరీక్షకు, ఎక్స్‌రేకు దగ్గరలో చూపించుకుని, ఆ కాగితాలతో సర్జన్ దగ్గరికి పోవచ్చు. పెద్ద మరమ్మతు అయితే హైదరాబాదులో పంజగుట్ట నిమ్స్ ఉన్నది. అది మొదట నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్, మన పెద్దల మాటల్లో బొక్కల దవాఖాన.

కాగితాలు బీరువాలో పెట్టండి

ఆపరేషన్ కాగితాలలో లోహపు కీలు డబ్బా మీది స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ, సైజు, నంబరు వాటి మీద ఉంటాయి. ఆ స్టిక్కర్లు అంటించిన కాగితం అడిగి తీసుకోండి. రేపు ప్లాస్టిక్ బిళ్ళ ఒక్కటి మార్చవలసి వచ్చినా సరిగ్గా అదే కంపెనీ, అదే సైజు కావాలి. 2010లో ఒక విదేశీ కంపెనీ తన తుంటి కీళ్ళను లోపం ఉన్నదని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నప్పుడు, మన దేశంలో అవి వేయించుకున్న ఎంతోమంది జాడ దొరకనే లేదు. బిల్లులో కీలు ధర విడిగా చూపమని అడగండి. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ ధరల నియంత్రణ సంస్థ మోకీళ్ళకు గరిష్ఠ ధరలు పెట్టింది. అంతకుముందు సగటున లక్షన్నర దాటిన సాధారణ మోకీలు ధరను పన్ను కాక 54,720 రూపాయలకు దించింది. హెల్త్ కార్డు నకలు, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, ఎక్స్‌రేలు అన్నీ ఒకే సంచిలో ఉంచి, ఆ సంచి ఎక్కడున్నదో ఇంట్లో ఇద్దరికి చెప్పండి.

సంఘానికి ఒక మనవి

చివరగా కార్యవర్గానికి ఒక చిన్న మనవి. మనలో ఎవరైనా మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వస్తే, శాఖకు ఇద్దరు చొప్పున సభ్యులు వారికి మూడవ రోజున, ఏడవ రోజున, పద్నాలుగవ రోజున, ఆరు వారాలకు ఫోన్ చేయాలి. నాలుగే ప్రశ్నలు: పట్టీ పొడిగా ఉన్నదా? జ్వరం, ఆయాసం ఉన్నాయా? పిక్క రెండవదానిలాగే ఉన్నదా? మోకాలు ఎంతవరకు వంగుతున్నది? జవాబు అనుమానంగా ఉంటే ఆ రోజే బయలుదేరదీయాలి, తోడు లేనివారికి తోడు పంపాలి. పిల్లలు దూరదేశంలో ఉన్న ఒంటరి పెన్షనరుకు ఈ ఒక్క ఫోను ఎంత అండో నేను వేరే చెప్పనవసరం లేదు. కోరుట్ల శాఖకు నేను నా పేరు ఇస్తున్నాను. జగిత్యాల, సిరిసిల్ల శాఖల నుంచి ఎవరు ముందుకు వస్తారో ఈ సభలోనే చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నొప్పిని ఓర్చుకోండి, వాపును ఓర్చుకోండి, వ్యాయామం చేయించే పిల్ల గట్టిగా వంచితే ఓర్చుకోండి. తడిని, జ్వరాన్ని, ఆయాసాన్ని మాత్రం ఒక్క రాత్రి కూడా ఓర్చుకోకండి.